4000 ర్యామ్‌ను 3600కి దించాకే వేగం వచ్చింది

రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, ఒక్కోటి 8 జీబీ చొప్పున రెండు డీడీఆర్4-4000 సీఎల్19 ర్యామ్ స్టిక్‌లు (సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాకుల సంఖ్య). ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టాను. మొదటి రెండు స్లాట్లలో పక్కపక్కనే పెడితే రెండూ ఒకే చానెల్ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి) మీద పడతాయి, బ్యాండ్‌విడ్త్ సగమైపోతుంది.

బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (తయారీదారు స్టిక్‌లో ముందే రాసిపెట్టిన స్పీడ్, వోల్టేజీ సెట్టింగ్) ఆన్ చేసి, విండోస్‌లోకి వచ్చి ఎయిడా64 టూల్‌తో లేటెన్సీ, అంటే డేటా అడిగాక అది వచ్చేదాకా పట్టే సమయం, కొలిస్తే 76 నానోసెకన్లు. పాత 3200 స్టిక్‌లతో ఇదే సిస్టమ్ 70 చుట్టుపక్కల ఉండేది. ఎక్కువ స్పీడ్ ర్యామ్ వేస్తే లేటెన్సీ పెరిగింది!

ర్యామ్ క్లాకులు చూపించే జెన్‌టైమింగ్స్ టూల్ తెరవగానే కారణం కనిపించింది: ఎమ్‌క్లాక్ 2000, ఎఫ్‌క్లాక్ 1800, యూక్లాక్ 1000.

డబ్బా మీద రాసే 4000 అసలు క్లాక్ కాదు. ర్యామ్ క్లాక్ 2000 మెగాహెర్ట్జ్. ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 4000. ఎమ్‌క్లాక్ అంటే ఆ ర్యామ్ క్లాక్. యూక్లాక్ ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌ది. ఎఫ్‌క్లాక్ ఆ కంట్రోలర్‌కీ కోర్లకీ మధ్య ఉన్న ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ది, అంటే ఈ ప్రాసెసర్ బస్సు. మూడూ ఒకే క్లాక్‌లో నడిస్తే డేటా ఎక్కడా ఆగదు. తేడా వస్తే చేతులు మారే ప్రతిచోటా ఆగాల్సిందే. సెట్టింగ్ ఆటోలో ఉంటే ఈ బోర్డు 3600 దాటగానే కంట్రోలర్‌ని సగానికి దించేస్తోంది.

3600 దగ్గర లెక్క ఎంత బాగా కుదురుతుందో చూడండి. ఫ్యాబ్రిక్ ఒక్కో క్లాక్‌కి 32 బైట్లు చదవగలదు: 1800 × 32 = సెకనుకి 57.6 జీబీ. ర్యామ్ రెండు చానెళ్లు, ఒక్కోటి 8 బైట్లు: 3600 × 16 = అదే 57.6. పెంటియం 4 రోజుల్లోనూ ఇదే సూత్రం. 800 బస్సుకి 6.4 జీబీ కావాలి, రెండు డీడీఆర్400 స్టిక్‌లు కలిపి సరిగ్గా అంతే ఇచ్చేవి. రాయడం మాత్రం 5600లో క్లాక్‌కి 16 బైట్లే. అందుకే ఎయిడాలో రైట్ అంకె రీడ్‌లో సగం చుట్టూ, 28.8 దగ్గర, ఆగిపోతుంది. అది చూసి స్టిక్ పోయిందని మార్చేవాళ్లున్నారు. వద్దు, అది దాని తీరే.

ముందు ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే ఉంచాను, వోల్టేజీ, మిగతా టైమింగులు దాంతోనే వస్తాయి కాబట్టి. తర్వాత మెమరీ స్పీడ్ 3600, ఎఫ్‌క్లాక్ 1800, యూక్లాక్‌ని ఎమ్‌క్లాక్‌తో సమానంగా నడిపే ఆప్షన్ ఆన్, ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి ఇచ్చేది) 1.1. ఈ ప్రాసెసర్‌కి ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పేది 3200 మాత్రమే, కాబట్టి ఇది ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది.

స్పీడ్ దించాక సీఎల్ 19నే వదిలేస్తే నష్టం. 2000 దగ్గర 19 క్లాకులంటే 9.5 నానోసెకన్లు, 1800 దగ్గర అదే సమయానికి 17.1 క్లాకులు. 17 అని కొడితే రీబూట్ అయ్యాక 18 చూపించింది. బయోస్‌లో గేర్‌డౌన్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బేసి సంఖ్యను పై సరిసంఖ్యకి జరుపుతుంది. 18 అంటే 10 నానోసెకన్లు, అది నాకు చాలలేదు. 16 పెట్టాను, 8.9 నానోసెకన్లు. ర్యామ్ వోల్టేజీ 1.35 దగ్గర, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 మొదటి పాస్‌లోనే ఎర్ర గీతలు చూపించింది. 1.40కి పెంచి 16-21-21 (సీఎల్, దాని తర్వాతి రెండు టైమింగులు) పెడితే నాలుగు పాస్‌లూ ఒక్క తప్పు లేకుండా పూర్తయ్యాయి. లేటెన్సీ 66కి దిగింది.

ఇంకా పైకి వెళ్దామని 3800తో ఎఫ్‌క్లాక్ 1900 చేశాను. విండోస్ మామూలుగానే వచ్చింది, క్రాష్ లేదు. కానీ విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో, హార్డ్‌వేర్ తప్పుల్ని నమోదు చేసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో 19 నంబరు ఎర్రర్లు వరసకట్టాయి. ఇవి దిద్దుకున్న తప్పులే, కానీ దిద్దుబాటుకీ సమయం పడుతుంది. అందుకే క్రాష్ కాలేదు కదా అని సరిపెట్టుకోకూడదు, లాగ్ చూడాలి. ఎఫ్‌క్లాక్ 2000 పెడితే డిస్‌ప్లే అసలు రాలేదు, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. పవర్ కేబుల్ తీసేసి, బయోస్ సెట్టింగుల్ని చెరిపే సీమాస్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో పది సెకన్లు కలిపితే మళ్లీ లేచింది. 1800కే తిరిగొచ్చాను.

సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ టూల్‌లో ఇప్పుడు డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1800 దగ్గర కనిపిస్తుంది, అది సరైన అంకే. ఖాళీ స్లాట్లలో ఇంకో రెండు స్టిక్‌లు వేస్తే మాత్రం ఈ సెట్టింగ్ నిలుస్తుందని అనుకోవద్దు. నాలుగు సింగిల్ ర్యాంక్ (ర్యాంక్ అంటే కలిసి పనిచేసే చిప్‌ల జట్టు) స్టిక్‌లకి ఏఎమ్‌డీ చెప్పేది 2933, డ్యూయల్ ర్యాంక్ అయితే 2667. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఇవన్నీ చెరిగిపోతాయి, సేవ్ చేసుకున్న ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో చాలాసార్లు తెరుచుకోదు. అందుకని సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను.