పెట్ స్కాన్‌లో వెలగని క్యాన్సర్: నా అనుభవం

మాది రాయగడ. రొమ్ము ఆపరేషన్, కీమో, ఆ తర్వాత మాత్రల కోర్సు, అన్నీ అయిపోయి కొన్నేళ్ళు హాయిగా గడిచాక అన్నం సయించడం మానేసింది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. గ్యాస్ మాత్రలతో తగ్గలేదు. ఎండోస్కోపీ చేయిస్తే లోపలి పొర బాగానే ఉందన్నారు. బరువు మాత్రం తగ్గుతూనే ఉంది.

తమ్ముడు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో విశాఖ తీసుకెళ్ళాడు. అక్కడ సీటీలో జీర్ణాశయం గోడ మందంగా కనబడింది. కడుపు క్యాన్సర్ కావచ్చు, ఆపరేషన్ పడొచ్చు అన్నారు. ముందు పెట్-సీటీ రాశారు, అంటే క్యాన్సర్ ఉన్నచోట వెలుగుతూ కనబడే స్కాన్.

దానికి ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. షుగర్ చూసి, నరానికి ఇంజెక్షన్ ఇచ్చి, దుప్పటి కప్పి గంటసేపు పడుకోబెట్టారు. "మాట్లాడకండమ్మా, ఫోన్ కూడా చూడకండి" అంది అక్కడి అమ్మాయి. కండరాలు పనిచేస్తే మందును అవే లాగేసుకుంటాయట. స్కాన్ అయ్యాక ఆ పూటంతా చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమన్నారు. తమ్ముడి కూతురు పరుగెత్తుకొస్తే చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది. ఆ రోజంతటిలో నాకు కష్టమనిపించింది అదొక్కటే.

రిపోర్టులో క్యాన్సర్ అని చెప్పేంతగా ఎక్కడా వెలగలేదు. తమ్ముడి మొహం విప్పారింది. క్యాన్సర్ డాక్టరమ్మ మాత్రం నా పాత బయాప్సీ కాగితం అడిగారు. అందులో 'ఇన్వేసివ్ లోబ్యులర్ కార్సినోమా' అని ఉంది. ఆవిడ ఆ లైను మీద వేలు పెట్టి, చాలాసేపు ఓపికగా వివరించారు.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి పది, పదిహేను ఈ రకమేనట. కణాలను అంటిపెట్టి ఉంచే ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్ సాధారణంగా ఇందులో ఉండదు. అందుకే ఈ కణాలు గడ్డ కట్టకుండా చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పాకిపోతాయి. ఎముకలు, కాలేయంతో పాటు జీర్ణాశయం, పేగులు, అండాశయాలు, పొట్టలోని అవయవాలను కప్పి ఉండే పొర దాకా వెళ్ళగలవు. పెట్ మందు చక్కెర లాంటిది. ఈ కణాలు దాన్ని తక్కువగా పీల్చుకోవడం వల్ల స్కాన్‌లో మసకగానే ఉండిపోవచ్చు. ఈస్ట్రోజన్ హార్మోన్ అతుక్కునే రిసెప్టర్లను (ఈఆర్) వెతికే ఇంకో పెట్ మందుకు అమెరికాలో 2020లో అనుమతి వచ్చిందని కూడా చెప్పారు.

మళ్ళీ ఎండోస్కోపీ చేసి, ఈసారి లోతుగా ముక్కలు తీశారు. పాత ఆపరేషన్‌లో తీసి మైనంలో దాచిన ముక్కలు (బ్లాకులు) తెప్పించి పక్కన పెట్టి చూశారు. ఈఆర్ పాజిటివ్, రొమ్ము కణాల్లో సాధారణంగా కనబడే గాటా-3 అనే ప్రొటీన్ కూడా పాజిటివ్. కడుపులో ఉన్నది రొమ్ము క్యాన్సరే!

ఏడుపు వచ్చింది, నిజమే. కానీ దాంతో కడుపు ఆపరేషన్ మాట పోయింది. ఒంట్లో ఈస్ట్రోజన్‌ని తగ్గించే లెట్రోజోల్ మాత్ర, దానికి తోడు ఇంకో మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు కాస్త అన్నం తినగలుగుతున్నాను.

నా బోటి వాళ్ళెవరైనా చదువుతుంటే ఒక్క మాట. రొమ్ము ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు పారేయకండి. ఏ స్కాన్‌కి వెళ్ళినా ఫారం మీద 'లోబ్యులర్' అని రాయించండి. నేను ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకుంటున్నాను. వచ్చే సీటీని దాంతోనే పోల్చి చూస్తామన్నారు.