పికప్ ముందు సస్పెన్షన్: చివరి బిగింపు నేల మీదే

మా ఇంటి పికప్ బండి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ముఖ్యంగా కవిటి, సోంపేట చుట్టుపక్కల కొబ్బరికాయలు ఎత్తుకొని, జాతీయ రహదారి 16 మీదుగా నాతవలస వరకు వచ్చి అక్కడి నుంచి విజయనగరం మళ్లుతుంది. రహదారి మీద దానికి ఏ కష్టమూ లేదు. తోటల్లోంచి రహదారి ఎక్కేవరకు ఉన్న ఇసుక దారులు, వానాకాలంలో నీళ్లు నిలిచి లోతు తెలియని గోతులు, ఊరూరా ఎదురయ్యే స్పీడ్ బ్రేకర్లు ముందు చక్రాల దగ్గరి కీళ్లను అరగదీస్తాయి. ఇటీవల లోయర్ బాల్ జాయింట్లు (కింది ఆర్మ్‌ను, అంటే చక్రాన్ని చట్రానికి కలిపే ఇనుప చేతిని, చక్రం వైపు పట్టే గుండ్రటి కీళ్లు), ఆర్మ్ బుష్షులు (ఆర్మ్‌ను చట్రానికి పట్టే రబ్బరు కీళ్లు), బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీకి చెందిన స్టెబిలైజర్ లింకులు, కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్లు మార్పించాము. ఏ కంపెనీ సామాను మంచిదన్న చర్చ ఎక్కడైనా దొరుకుతుంది గాని, దాన్ని బిగించే తీరు గురించి మాట్లాడేవారు తక్కువ. కొత్త సామాను ఎంతకాలం నిలుస్తుందన్నది చాలావరకు ఆ బిగింపు మీదే ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి ఈ టపా రాస్తున్నాను.

మాది ముందువైపు పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు ఉండి, కాయిల్ స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే రకం. ఇటువంటి బండిలో బాల్ జాయింటు అరిగిందో లేదో చూడాలంటే జాకీని చట్రం కింద కాకుండా లోయర్ ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. చట్రం కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి నొక్కిపట్టి ఉంచుతుంది, జాయింటులోని వదులు ఆ ఒత్తిడిలో కనబడకుండా పోతుంది. చక్రం నేల వదిలాక టైరును పైనా కిందా పట్టుకొని లోపలికీ బయటికీ ఊపాలి. ఆట (వదులు కదలిక) ఉంటే ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమనాలి. బ్రేకు తొక్కగానే ఆట పోతే తప్పు చక్రం బేరింగులో ఉన్నట్టు, పోకపోతే బాల్ జాయింటులో ఉన్నట్టు. ఎడమా కుడీ పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే ఆట తెలిస్తే మొదట టై రాడ్ ఎండ్‌ను, అంటే స్టీరింగు కడ్డీ చివరి కీలును చూడాలి. టైరు కూడా చాలా సంగతులు చెబుతుంది. అంచు ఒక వైపే అరిగితే ఎలైన్‌మెంటును (చక్రాల కోణాల సర్దుబాటును), అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బరును అనుమానించాలి.

మా బండి బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు ఒక పక్క చిరిగి ఉంది. ఆ చిరుగు వేలి గోరంత కూడా లేదు, కానీ లోపలి గ్రీజు ఇసుకతో కలిసి నల్లటి ముద్దయిపోయింది. తొడుగు చిరిగిన రోజే జాయింటు ఆయుష్షు తీరడం మొదలవుతుందని చెప్పవచ్చు.

విప్పడంలో అసలు తిప్పలు ఆర్మ్ బోల్టుల దగ్గర వచ్చాయి. సముద్రపు గాలి తగిలే దారుల్లో తిరిగే బండ్లలో ఈ బోల్టు బుష్షు లోపలి ఇనుప గొట్టంతో కలిసి తుప్పు పట్టి, రెండూ ఒకటే అయిపోతాయి. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పట్టించి వదిలేస్తే మరునాడు పని సగం తేలికవుతుంది. బాల్ జాయింటు నట్టును పూర్తిగా తీసేయకుండా నాలుగైదు మరలు ఉంచి, నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) పక్కన సుత్తితో కొడితే జాయింటు ఊడివస్తుంది, ఆర్మ్ ఒక్కసారిగా కిందపడదు. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టాలి. బండి జాకీ మీద కాదు, స్టాండుల మీద ఉండాలి. నొక్కుకొని ఉన్న స్ప్రింగు ప్రాణాలు తీయగలదు కాబట్టి, దాన్ని పట్టి ఉంచే కంప్రెసర్ లేకుండా ఎవరూ దాని జోలికి పోకూడదు.

ఇక బుష్షుల సంగతి. బుష్షు అంటే ఒక ఇనుప గొట్టంలో మరో ఇనుప గొట్టం, రెండింటి మధ్యా అతుక్కొని ఉన్న రబ్బరు. లోపలి గొట్టం బోల్టు బిగించగానే చట్రానికి కదలకుండా పట్టుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు కదులుతుంది. చక్రం లేచి దిగినప్పుడల్లా మధ్యనున్న రబ్బరు తడిగుడ్డను పిండినట్టు మెలిపడి, మళ్లీ తన స్థితికి వస్తుంది. బోల్టును ఏ స్థితిలో బిగించామో ఆ స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించేస్తే, బండిని దించిన క్షణం నుంచి రబ్బరు నిరంతరం మెలిపడే ఉంటుంది, గోతిలో పడ్డప్పుడు ఆ మెలిక ఇంకా పెరుగుతుంది. అటువంటి బుష్షు ఎంత ఖరీదైనదైనా త్వరగానే చీలుతుంది. మా బండి నుంచి తీసిన పాత బుష్షులను చూస్తే, రబ్బరు లోపలి గొట్టం నుంచి విడిపోయి సగం చుట్టూ పగులు కనబడింది.

కాబట్టి ఆర్మ్ బోల్టులను ముందు వదులుగానే ఉంచి, చక్రాలు తొడిగి, బండిని నేల మీదికి దించి, కొంచెం ముందుకూ వెనక్కూ నెట్టి, బానెట్‌ను నాలుగుసార్లు నొక్కి వదిలిన తరువాతే తయారీదారు మాన్యువల్లో చెప్పినంత బలంతో, ఆ బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించాలి. నేల మీద ఉండగా చేతులు ఆడని చోట, విప్పకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకొని, తరువాత ఆర్మ్ కింద జాకీతో సరిగ్గా అంతే ఎత్తుకు లేపి బిగించవచ్చు. లారీలకు పేరుపడ్డ సాలూరు షెడ్లలో పని నేర్చుకున్న మా మేస్త్రి ఈ విషయంలో ఎవరి తొందరనూ లెక్కచేయరు. మా డ్రైవరు సాయంత్రం లోడు గుర్తుచేసినప్పుడు, "బండి కాళ్ల మీద నిలబడనీ బాబూ, అప్పుడు బిగిద్దాం" అని మాత్రం అన్నారు.

బాల్ జాయింటు నట్టు బిగించాక, అది వదులు కాకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ను రంధ్రం ఎదురుపడకపోతే నట్టును తరువాతి గాడి వరకు ఇంకాస్త బిగించాలే గాని వెనక్కి వదులు చేయకూడదు, పిన్ను కూడా కొత్తదే వేయాలి. షాక్ అబ్జార్బర్లు జతగా మార్చాలి. ఎలైన్‌మెంటు సర్దే కామ్ బోల్టుల స్థానానికి విప్పకముందే గుర్తు పెట్టుకున్నా, పని అయ్యాక ఎలైన్‌మెంటు తప్పకుండా చేయించాలి. ఆ గుర్తు బండిని అక్కడి వరకు నడిపించడానికే పనికివస్తుంది. చక్రం నట్లను తొలి లోడు తిరిగివచ్చాక మరొకసారి చూడాలి.

మా ప్రాంతంలో ముందువైపు కూడా కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న పికప్‌లు చాలా తిరుగుతాయి. వాటిలో ఈ ఆర్మ్‌లూ బాల్ జాయింట్లూ ఉండవు, చక్రం పక్కకు తిరగడానికి ఇరుసుగా పనిచేసే, వేళకు గ్రీజు పట్టించవలసిన కింగ్ పిన్నులు ఉంటాయి. అయితే కమాన్ల చివర ఉండేవి రబ్బరు బుష్షులే అయితే, వాటి బోల్టుల చివరి బిగింపు కూడా బండి బరువు చక్రాల మీద పడ్డాకే జరగాలి.