రొయ్య పెంకుకు సర్టిఫికెట్: నా అనుభవం

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు నిన్న సాయంత్రం చేతికొచ్చాయి. కోపం చల్లారకముందే రాస్తున్నాను. నెల్లూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టరు నాది. రొయ్య పెంకుల నుంచి కైటోసాన్ అనే పాలిమర్ (గొలుసుల్లాంటి పొడవైన అణువుల పదార్థం) తీసి, ఎముక కణాలు పట్టుకుని పెరిగేందుకు సన్నని రంధ్రాలున్న స్కాఫోల్డ్, అంటే స్పాంజిలాంటి ఆసరా దిమ్మ, తయారుచేయడం నా ప్రాజెక్టు.

పెంకులకు మన తీరంలో కొదవేమిటి? వనామీ రొయ్యలు ఒలిచే ప్రాసెసింగ్ ప్లాంటులో అడిగితే సంచి నిండా ఊరికే ఇచ్చారు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్నీ, కాస్టిక్ సోడాతో ప్రొటీన్లనూ పోగొట్టి, ఆపైన గాఢమైన కాస్టిక్‌లో కాచాను. ల్యాబ్‌లో మిగతావాళ్లు ముక్కులు మూసుకున్నారు, అంతే. వచ్చిన పొడిని ఒక శాతం అసిటిక్ ఆమ్లంలో కరిగించి, గడ్డకట్టించి, లయోఫిలైజర్‌లో (గడ్డకట్టినదాన్ని శూన్యంలో ఆరబెట్టే యంత్రం) ఆరబెడితే మంచు స్ఫటికాలు ఆవిరైన చోటల్లా రంధ్రాలు మిగులుతాయి. వాటి కొలత చూపించాలంటే మైక్రోస్కోపు కావాలి. అది మా కాలేజీలో లేదు, పక్క జిల్లాలోని ఒక పెద్ద సంస్థలో ఉంది.

అక్కడి దరఖాస్తులో ‘నమూనా మూలం’ అని ఒక గడి. ‘రొయ్య పెంకులు’ అని రాశాను. ఆపరేటరు అది చదివి, కవరు తెరిచి వాసన చూసి, వరుసలో నిలబడ్డ పిల్లలందరి ముందు ‘ఏమ్మా, ఇది చేపల మార్కెట్ అనుకున్నావా?’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తెల్లటి దిమ్మకు వాసనే లేదు! ‘జీవ నమూనా కదా, బయోసేఫ్టీ కమిటీ సర్టిఫికెట్ తీసుకురా’ అని కాగితాలు వెనక్కి తోశాడు.

1989 నాటి నిబంధనల కింద ఏర్పడే ఆ కమిటీలు జన్యుమార్పిడి జీవుల సంగతి, హానికర సూక్ష్మజీవుల సంగతి చూస్తాయి. గాఢమైన కాస్టిక్‌లో ఉడికిన పెంకులో ఏం బతికి ఉంటుంది? అదే అడిగాను. ‘రూల్ రూలే’ అన్నాడు.

మా ఆఫీసు సూపరింటెండెంటు గారు ఇంకో మెట్టు పైన. ‘మన దగ్గర అలాంటి కమిటీ లేదమ్మా’ అన్నారు. లేదనే రాసివ్వమన్నాను. ‘లేదని రాయాలన్నా ప్రిన్సిపాల్ గారి అనుమతి ఉండాలి’ అన్నారు. ప్రిన్సిపాల్ గారు సెలవులో ఉన్నారు. నా అర్జీ మీద టీ గ్లాసు పెట్టుకుని, పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లకు మాత్రం లేచి కుర్చీ వేశారు. నేను నిలబడే ఉన్నాను.

చివరికి మా గైడు మేడం అక్కడ పనిచేసే తన పాత క్లాస్‌మేటుకు ఫోన్ చేశారు. అంతే, సర్టిఫికెట్ ఊసే లేదు! నాకు పని జరిగింది, నిజమే. కానీ ఫోన్ చేసిపెట్టే మేడం లేని పిల్లలు ఏమైపోవాలి? పరిశోధనలో వెనకబడ్డామని సభల్లో బాధపడే పెద్దలు ఒకసారి ఆ కౌంటరు ముందు నిలబడాలి.

కైటోసాన్ విద్యుత్తును ప్రసరింపజేయదు కనుక బంగారు పూత వేసి తెర మీద చూపించారు. ఎముక కణాలు లోపలికి చేరడానికి కావాలనే 100 మైక్రాన్లను (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన రంధ్రాలు, ఒకదానికొకటి కలిసి ఉన్నాయి! నా తర్వాతి స్కాలరు కొన్న కైటోసాన్‌తో చేసుకొచ్చాడు, రంధ్రాల గోడలన్నీ కూలిపోయి ఉన్నాయి. మార్కెట్ అన్న ఆ ఆపరేటరే ‘ఎలా గడ్డకట్టించావు?’ అని అడిగాడు. ‘నిదానంగా’ అని మాత్రం చెప్పాను. నిదానంగా గడ్డకడితే స్ఫటికాలు పెద్దవవుతాయి, రంధ్రాలూ పెద్దవవుతాయి. అంత వివరం ఆయనకు ఎందుకు?

మీరు వెళ్తే ఆ గడిలో ‘కైటోసాన్, పాలిమర్’ అని రాయండి, అదీ నిజమే. బిల్లు కాలేజీ పేరు మీదే తీసుకోండి, లేకుంటే డబ్బు తిరిగి రాదు.

ఇక పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి ఈ స్కాఫోల్డ్ మీద పెంచి చూడటానికి ఎంజీ-63 కణాలు (మనిషి ఎముక కణితి నుంచి తీసి ల్యాబుల్లో పెంచేవి) తెప్పించుకోవాలి. దానికీ కాలేజీ లేఖ కావాలట. అది టైపు చేయించాల్సింది మళ్లీ ఆ సూపరింటెండెంటు గారే.