రెల్లుగడ్డి నుంచి సైలెంట్ వ్యాలీ దాకా: జానకి అమ్మాళ్

మన దేశపు జన్యుశాస్త్రవేత్తలలో నేను మళ్ళీ మళ్ళీ చదివేది ఎడవలేత్ కక్కట్ జానకి అమ్మాళ్ గురించి. 1897లో తలశ్శేరిలో పుట్టిన ఆమె, మద్రాసులో చదివి, అక్కడే అధ్యాపకురాలిగా పనిచేసి, ఉపకారవేతనంపై అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1931లో డాక్టరేటు పొందారు.

ఆమె ప్రతిభ నాకు బాగా తెలిసివచ్చేది కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో చేసిన పనిలో. తియ్యని లావు చెరకును మొండిగా పెరిగే రెల్లుగడ్డితో సంకరం చేసి, మన నేలకు తట్టుకునే రకాలను అక్కడ అప్పటికే తయారుచేస్తున్నారు. అయితే ఆ సంకరాల కణాలలో ఏం జరుగుతోందో తేల్చడానికి జన్యువులను మోసే క్రోమోజోములను లెక్కపెట్టాలి. మనిషి కణంలో ఉండేవి 46 మాత్రమే. లావు చెరకులో 80, రెల్లుగడ్డిలోనైతే మొక్క పెరిగిన చోటును బట్టి 40 నుంచి 128 దాకా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద ఒకదానిపై ఒకటి పడి కనిపించే ఆ చిన్న చిన్న పోగులను పొరపాటు లేకుండా లెక్కించడం ఎంత ఓర్పు కోరే పనో ఊహించుకోవచ్చు. చెరకును మొక్కజొన్నతో సంకరం చేసిన ప్రయోగాన్ని కూడా ఆమె 1938లో ప్రకటించారు. వేర్వేరు ప్రజాతులకు చెందిన మొక్కలను కలపడానికి పూనుకోవడం సాహసమనే నేను అనుకుంటాను.

తరువాత ఇంగ్లండులో జన్యుశాస్త్రవేత్త సి. డి. డార్లింగ్టన్‌తో కలిసి, సాగుమొక్కల క్రోమోజోముల సంఖ్యలను ఒకచోట చేర్చిన గ్రంథాన్ని 1945లో వెలువరించారు. విజ్లీ ఉద్యానవనంలో మాగ్నోలియా మొలకలకు కాల్చిసిన్ అనే రసాయనం పట్టించి, వాటి క్రోమోజోములను రెట్టింపు చేశారు. ఆ పదార్థం కణవిభజనలో క్రోమోజోములు రెండు వైపులకూ విడిపోకుండా ఆపుతుంది. అక్కడి మాగ్నోలియాలలో ఒక రకానికి ఆమె పేరే పెట్టారు.

నెహ్రూ ఆహ్వానంపై స్వదేశానికి తిరిగివచ్చి, భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థ పునర్వ్యవస్థీకరణకు పనిచేశారు. 1977లో పద్మశ్రీ లభించింది. కేరళలోని కుంతిపుళ నదిపై జలవిద్యుత్ ఆనకట్ట వస్తే సైలెంట్ వ్యాలీ అడవి మునుగుతుందని తెలిసినప్పుడు, ఎనభై ఏళ్ళ వయసులో, నిరసనకు గొంతు కలపడంతో ఆగకుండా అక్కడి చెట్ల క్రోమోజోముల సర్వేకు కూడా పూనుకున్నారు. దీనిని చాలామంది ఆమె పర్యావరణ ఉద్యమంలో భాగంగానే చెబుతారు. నాకు మాత్రం అది కోయంబత్తూరులో చేసిన పనికి కొనసాగింపుగానే కనిపిస్తుంది. రెల్లుగడ్డిలోని మొండితనం చెరకుకు అక్కరకు వచ్చినట్టే, ఆ అడవి మొక్కలలో ఏ గుణాలు దాగి ఉన్నాయో లెక్కతీయకుండా ముంచేయడాన్ని ఒక జన్యుశాస్త్రవేత్తగా ఆమె ఒప్పుకోలేకపోయారని నా నమ్మకం. 1984 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో ఆ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.