ఉత్తినే జోరుగా తిరిగే మోటారు

భీమవరం దగ్గర మాది వైండింగ్ షాపు. పనిలో ముప్పాతిక వంతు రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లే. ఆర్సీ కార్ల (రిమోట్‌తో నడిపే బుల్లి రేసు కార్లు) మోటార్ల పిచ్చి మాత్రం మా అన్నయ్య కొడుకు అంటించాడు. సీజన్ లేనప్పుడు రైస్ మిల్లు సిమెంటు కళ్లం ఖాళీగా ఉంటుంది కదా, వాడి జట్టంతా అక్కడే కార్లు తోలుతుంది.

మొన్న రెండు మోటార్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే మోడలు, 17.5 చుట్ల వైండింగ్ (టర్నులు) ఉన్న, కార్బన్ బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ రకం. కాయిల్‌కి కరెంటు ఎంత ముందుగా అందాలో సర్దే టైమింగ్ ప్లేటు కూడా ఒకే గీత మీద ఉంది. కానీ లోడు లేకుండా తిప్పితే కొత్తదానికన్నా పాతదే ఎక్కువ ఆర్‌పీఎం చూపిస్తోంది. "రేసుకి పాతదే పెట్టేస్తాను బాబాయ్, అదిరిపోతోంది" అన్నాడు.

"ఆగరా" అని డ్రిల్లు తీశాను.

షాఫ్టును డ్రిల్లు చక్‌లో బిగించి, మూడు ఫేజుల్లో ఏ రెండిటికైనా మల్టీమీటరు తగిలించి, ఏసీ వోల్టుల్లో పెట్టి తిప్పడమే. అప్పుడు మోటారు జనరేటర్ అయిపోతుంది. స్పీడు మాత్రం టాకోమీటరుతో చూడాలి, డ్రిల్లు మీద రాసింది నమ్మితే అంతే సంగతులు. రోటారుకి, అంటే లోపల తిరిగే అయస్కాంతానికి, రెండే పోల్స్ కాబట్టి 2,600 ఆర్‌పీఎం దగ్గర 43 హెర్ట్జ్ వస్తుంది, మన కరెంటు 50కి దగ్గరే. అందుకే మామూలు మీటరు కూడా సరిగ్గా చదువుతుంది. ఇందులో నాకు నచ్చేది ఇంకోటి ఉంది. టైమింగ్ ప్లేటు జరిపితే కదిలేది రోటారు ఎక్కడుందో పసిగట్టే సెన్సార్లే కాబట్టి, ఈ రీడింగును అదేమీ చెయ్యలేదు.

కొత్తది 0.83 వోల్టులు ఇచ్చింది. పాతది 0.75. మూడు జతలూ సమానంగానే వచ్చాయి, అంటే వైండింగ్‌కి ఢోకా లేదు. అదే స్పీడుకి వోల్టులు తగ్గాయంటే, నీరసించింది రోటారు అయస్కాంతం.

అయస్కాంతం బలం తగ్గితే వోల్టుకి వచ్చే ఆర్‌పీఎం, అదే కేవీ, పెరుగుతుంది. 9.55ని కేవీతో భాగిస్తే ఒక్కో ఆంపుకి వచ్చే టార్కు, అంటే తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో తెలుస్తుంది. కాబట్టి కేవీ పెరిగినకొద్దీ టార్కు పడిపోతుంది. మూలమలుపు దాటాక కారు లేవాలంటే ఎక్కువ ఆంపులు లాగాలి, ఆంపులు లాగితే వేడి, వేడికి అయస్కాంతం ఇంకా చస్తుంది. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీల దగ్గరే దిగజారడం మొదలుపెడుతుంది. రేసింగ్ రోటార్లలో అంతకన్నా తట్టుకునే గ్రేడు వేస్తారు, నిజమే, కానీ మే నెలలో మన సిమెంటు కళ్లం మీద దానికి చల్లారే సందెక్కడ? ఏరేటర్ మోటారుకి ఈ బాధ లేదు, దాని రోటారులో అయస్కాంతం ఉండదు, ఉండేవి అల్యూమినియం కడ్డీలే.

మావాడు ఒప్పుకోలేదు. సరే అని రెండూ ఒకే గేరింగుతో, నిండుగా చార్జ్ చేసిన 2ఎస్ లైపోతో (రెండు సెల్లుల లిథియం బ్యాటరీ) కళ్లం మీద తిప్పి, దిగగానే టెంపరేచర్ గన్ పెట్టాం. కొత్తది 61 డిగ్రీలు. పాతది 78, పైగా ల్యాపు టైము కూడా వెనకే.

రోటారు విడిగా దొరుకుతుంది, ఆర్డర్ పెట్టేశాడు. డబ్బులు నేనే ఇచ్చాను లెండి.