స్క్రీన్‌లో 212, రాక్‌లో 37

"సిస్టమ్‌లో 212 పీసులు ఉన్నాయి కదా, మళ్ళీ ఆర్డర్ ఎందుకు?" అన్నారు మా మేనేజర్ గారు. ఫోన్‌లో గోడౌన్ నుంచి జవాబు: "సార్, రాక్‌లో 37 మాత్రమే ఉన్నాయి."

మీటింగ్ ఆపి నేనే వెళ్ళి చూశాను. మిగతా 175 ఓ మూల అట్టపెట్టెల్లో ఉన్నాయి. అన్నీ కస్టమర్లు వెనక్కి పంపిన పాడైన సరుకే. ప్రతి పెట్టె మీదా ఎర్ర స్కెచ్ పెన్‌తో "డ్యామేజ్" అని రాసి ఉంది. ఆ మాట మా స్టాక్, ఆర్డర్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీలోకి మాత్రం ఎక్కలేదు. రిటర్న్ ఎంట్రీ పడగానే అదంతా మంచి స్టాక్‌లో కలిసిపోయింది. స్టాక్ 50కి దిగితే కొత్త ఆర్డర్ దానంతట అదే వెళ్ళేలా పెట్టుకున్నాం. దాని లెక్కలో ఇంకా 212 ఉంటే అదెందుకు కదులుతుంది!

వచ్చే 3 నెలల ప్లాన్ మొత్తం ఆ ఈఆర్‌పీ డాష్‌బోర్డు చూసే వేశాం. పచ్చరంగు కనిపిస్తే చాలనుకున్నాం. అదే ఎక్కువ బాధగా ఉంది.

పెట్టెల మీద రాసిన అబ్బాయిని అడిగితే, "స్క్రీన్‌లో డ్యామేజ్ అని పెట్టడానికి నాకు ఆప్షన్ లేదండీ" అన్నాడు. సిస్టమ్ పెట్టేటప్పుడు అతన్ని మేమెవరం ఒక్క మాట అడగలేదు.

రేపు పొద్దున్నే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రిటర్న్ స్క్రీన్ మారుస్తున్నాం.