పదికంటే తొమ్మిది చిన్నదా? మా ఊరి తుఫాను డ్రిల్లులో నా అనుభవం

మొన్న మా ఊళ్ళో తుఫాను మాక్ డ్రిల్ పెట్టించాను. 'పెట్టించాను' అని కాస్త గొప్పగానే రాసుకుంటున్నాను, రెండు నెలలు చెప్పులరిగేలా తిరిగింది నేనే కాబట్టి. మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. ఇక్కడి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను.

పంచాయతీ అనుమతి, హెడ్మాస్టర్ సంతకం, మైకు సెట్టు మూడు రోజుల్లో అయిపోయాయి. తేదీ కూడా తెలివిగానే పెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు. బడికి వేసవి సెలవులు ఇవ్వడానికి ఇంకో వారం ఉంటుంది. మీది కూడా తీరం ఊరైతే ఆ వారం వదులుకోకండి.

ఇక తుఫాను షెల్టరు తాళం. ఏ ఆఫీసని చెప్పను కానీ, అక్కడ ఒకాయన నా అర్జీని నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ "పైనుంచి ఆర్డరు రావాలండీ" అన్నాడు. నిజంగా గాలివాన వచ్చినా పైనుంచి ఆర్డరు రావాలా అని అడిగితే "మీరు టెన్షన్ పడకండి మేస్టారూ" అని నాకే టీ చెప్పాడు. చివరికి తాళం దొరికింది. తెరిచి చూస్తే లోపల ఎవరివో మినుముల బస్తాలు, గోడ పొడుగునా. అర్జీతో పాటు తాళం ఎవరి దగ్గరుందో కూడా మొదటి రోజే కనుక్కోండి. అర్జీకంటే అదే ముఖ్యం.

ఇదంతా ఒక ఎత్తు. డ్రిల్లు ముందురోజు సాయంత్రం జరిగిన అవగాహన సభ ఒక ఎత్తు.

ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికల మీద పెద్ద చార్టు గీయించాను. తొమ్మిదో తరగతి అమ్మాయి గీసింది, చక్కగా వచ్చింది. మెట్లు. ఒకటో మెట్టు పచ్చరంగు, పైకి వెళ్ళేకొద్దీ పసుపు, నారింజ, ఎరుపు. పదకొండో మెట్టు ముదురెరుపు, పక్కన పుర్రె బొమ్మ. అదే సమాచారంతో రెండొందల కరపత్రాలు నా డబ్బులతో కొట్టించాను. మైకు తీసుకుని చెప్పాను: "తొమ్మిదో నంబరు ఎగరేశారంటే సామాను సర్దుకోండి. పదో నంబరు అంటే ఇల్లు వదిలి కదలండి."

వేప చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు. బోటు మీద సరంగుగా చేసి మానేసిన మనిషి.

"మేస్టారూ, మరి పది ఎగరెయ్యకపోతే?"

"ఎగరెయ్యలేదంటే గండం గడిచినట్టే తాతా."

జనంలో నవ్వులు. ముందు మగవాళ్ళు, తర్వాత డ్వాక్రా ఆడవాళ్ళు, వెనక వరసలో నా పదో తరగతి పిల్లలు. అందరికంటే గట్టిగా నవ్వింది తాళం ఇవ్వని ఆ ఆఫీసాయన.

తాత కర్రతో నేల మీద ఒక గీత గీశాడు. "ఇది గాలివాన దారి అనుకోండి. ఎనిమిదీ తొమ్మిదీ పదీ ఒకే తల్లి పిల్లలు. మూడూ పెద్ద తుఫానుకే. రేవు ఈ దారికి ఎడం చేతి పక్క పడితే ఎనిమిది. కుడిచేతి పక్క పడితే తొమ్మిది. రేవు మీదుగానో, దాని దగ్గరగానో దాటితే పది. నిజాంపట్నం దగ్గర దాటిందనుకోండి, అక్కడ పది ఎగరేస్తారు. బందరుకి తొమ్మిదే. మనం పది కోసం చూస్తూ కూచుంటే సముద్రం ఇంట్లో ఉంటది."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఏం మాట్లాడాలో తెలియలేదు.

సిగ్గు ఎక్కడంటే, కారణం నాకు తెలుసు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుందని ఏటా బోర్డు మీద బాణాలు గీసి మరీ చెబుతాను. దారికి కుడిపక్క ఆ గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమపక్క నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబర్ 19న తుఫాను తీరం దాటింది చీరాల వైపు. ఉప్పెన వచ్చి పడింది దానికి కుడిపక్కనున్న దివిసీమ మీద. వేల మంది పోయిన నేల మీద నిలబడి నేను 'తొమ్మిదికి సర్దుకోండి' అని మైకులో చెప్పాను. టీవీలో నంబరు మారినప్పుడల్లా ప్రమాదం ఒక మెట్టు పెరిగినట్టు హడావిడి చేస్తుంటే నేనూ అదే నమ్మేశాను.

రాత్రి కూర్చుని మొత్తం మళ్ళీ చూసుకున్నాను. ఒకటీ రెండూ ఎక్కడో దూరంగా సముద్రంలో ఉన్నదానికి. మూడూ నాలుగూ రేవుకి వాతావరణం చెడుతుందని. అయిదు, ఆరు, ఏడు కూడా ఎడమ, కుడి, మీదుగానే, కాకపోతే కొంచెం చిన్న తుఫానుకి. నా పుర్రె బొమ్మ పదకొండు ఉంది చూశారూ, దానర్థం హెచ్చరిక కేంద్రంతో రేవుకి సంబంధాలు తెగిపోయాయని.

రెండొందల కరపత్రాలు పారెయ్యడానికి మనసొప్పలేదు. తెల్లారి ఆరింటికి పది మంది పిల్లల్ని పిలిచి, బాల్‌పెన్నుతో '9 అయితే సర్దుకోండి' కొట్టేయించి '8, 9, 10 ఏది వచ్చినా కదలండి' అని రాయించాను. కొన్నింటి మీద అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. ఫర్వాలేదు. చార్టులో మెట్లు మాత్రం చింపేశాను. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను.

డ్రిల్లు నలభై నిమిషాల్లో అయిపోయింది. ముసలాళ్ళని కుర్చీల్లో కూచోబెట్టి మోశారు, బానే చేశారు. గేదెల్ని వదిలి రామని ఆరిళ్ళ వాళ్ళు కదల్లేదు. వాళ్ళ మీద కోప్పడే మొహం నాకు ఆ రోజు లేదు. గేదెల్ని మెరక మీదికి ముందే తోలే సంగతి అక్టోబరులోపు చూడాలి.

ఆఫీసాయన ఫొటోలకి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. తాళం ఇప్పుడు షెల్టరు ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో, ఉప్పు బస్తా పక్కన మేకుకి వేలాడుతోంది. మినుములు ఇంకా లోపలే ఉన్నాయి.